చిన్న కారుకి ఏ టైరు? తిరుపతి ఎండకా, నవంబర్ వానకా?

ఈరోజు ఎపిసోడ్ టైర్ల గురించి. "మా ఆల్టోకి ఏ టైరు వేయించమంటావన్నా?", "ఎండాకాలం టైరు పేలకుండా ఉండాలంటే ఏ కంపెనీ తీసుకోవాలి?" అని మీరు చాన్నాళ్లుగా అడుగుతా ఉన్నారు. నేను కూడా చేద్దాం చేద్దాం అని వాయిదా వేస్తా వచ్చాను. కారణం ఒకటే. ఈ ఎపిసోడ్ చేయాలంటే ముందు నేను చేసిన తప్పు చెప్పుకోవాలి.

మా ఇంట్లో ఉండేది 2013 ఆల్టో 800. నాయన కొన్నాడు. వారానికోసారి బయటికి తీస్తాడు, అంతే. 2022 మే నెలలో నేను బెంగళూరు నుంచి సెలవుకి వచ్చినప్పుడు నాయన అడిగాడు. "రేయ్, తొమ్మిదేళ్లు అవుతా ఉంది, టైర్లు మార్చేద్దామా?" అని. నేను వంగి చూశాను. బటన్ ఇంకా ఉంది. కారు తిరిగిందే 26 వేల కిలోమీటర్లు. "ఏం కాదు నాయనా, ఇంకో ఏడాది లాగొచ్చు" అన్నాను. ఇంజినీర్ కొడుకు చెప్పాడు కదా అని ఆయన ఊరుకున్నాడు.

అదే ఏడాది నవంబర్. అమ్మని, పిన్నమ్మని కూర్చోబెట్టుకుని నాయన కాణిపాకం బయల్దేరాడు. గాదంకి దాటేసరికి వాన. రోడ్డు మీద ఒకచోట పల్చగా నీళ్లు నిలబడి ఉన్నాయి. స్పీడు 80. నాయన మాటల్లోనే చెప్తా: "స్టీరింగు చేతిలో దూదిలాగా అయిపోయింది రా." వెనక భాగం పక్కకి జారింది, కారు గిర్రున తిరిగి డివైడర్‌కి కొట్టుకుంది. వెనకాల లారీ ఏదీ రాలేదు కాబట్టి ముగ్గురూ బతికారు. అమ్మ కుడి మణికట్టు విరిగింది, లోపల ప్లేటు వేశారు. గాదంకిలో వానల్ని, గాలుల్ని రాడార్లు పెట్టి కొలిచే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. వానని అంత శాస్త్రంగా చూసే చోటే మేము వానని లెక్క చేయకుండా పోయినాం.

మరుసటి రోజు షెడ్డులో ఆ టైర్లని ఒక్కొక్కటే చూశాను. మూడు విషయాలు దొరికాయి. టైర్ల వయసు తొమ్మిదేళ్లు. గాడుల లోతు 3 మిల్లీమీటర్లు. గాలి, దెబ్బ తగలని టైర్లలో 21 పీఎస్‌ఐ. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ కంపెనీ పేరుకి సంబంధించింది కాదు. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది కూడా అదే. ఏ బ్రాండు అన్నది ఆఖరి ప్రశ్న. దానికంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి.

ముందు మన వాతావరణం

మా చిన్నాన్న కొడుకు మాంట్రియల్‌లో ఉంటాడు. వాడు ఏడాదికి రెండుసార్లు టైర్లు మారుస్తాడు. అక్కడ క్యూబెక్ ప్రావిన్స్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు ఉండాలని చట్టమే ఉంది. ఎందుకంటే మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కన్నా చల్లబడితే గట్టిపడి రోడ్డుని పట్టుకోదు. చలికాలం టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉండేట్టు చేస్తారు. అదే టైరు తెచ్చి మన రేణిగుంట రోడ్డు మీద మే నెలలో తిప్పితే? అతి మెత్తబడి, పెన్సిల్ రబ్బరు అరిగినట్టు అరిగిపోతుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో ఫారిన్ వీడియోలు చూసి "వింటర్ టైర్ కావాలా" అని అడిగే వాళ్లకి నా జవాబు: మనకి వద్దు. పలమనేరు, కుప్పం వైపు డిసెంబర్ తెల్లవారుజామున చలి ఉంటుంది, మంచు కమ్ముతుంది. కానీ అది కంటికి అడ్డం వచ్చే పొగమంచు. టైరు కింద గడ్డకట్టే మంచు కాదు.

మనకి ఉన్నవి రెండు కాలాలు. మార్చి నుంచి జూన్ దాకా ఎండ. 40 డిగ్రీలు దాటడం మామూలే. రెండోది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన. హైదరాబాద్ వాళ్లకి వానాకాలం అంటే జూలై, ఆగస్టు. మనకి గట్టి వాన కార్తీక మాసంలోనే. 2021 నవంబర్ మీకు గుర్తుండే ఉంటుంది. తిరుపతి వీధులు ఏరులైపోయాయి, తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. టైరు కొనేటప్పుడు ఎండని దృష్టిలో పెట్టుకోవాలా, వాననా? చాలామంది ఎండ అంటారు, టైరు పేలుతుందని భయం. నేను వాన అంటాను. ఎండ సమస్యని చాలా వరకు గాలి చూసుకుని, వయసు చూసుకుని మీరే తప్పించుకోవచ్చు. తడి రోడ్డు మీద పట్టు మాత్రం టైరులోనే ఉండాలి. కొనేటప్పుడు తెచ్చుకోకపోతే తర్వాత ఎక్కడా దొరకదు.

ఎండ: టైరు ఎందుకు పేలుతుంది?

ఎండాకాలం అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. "ఎండకి గాలి వ్యాకోచిస్తుంది, అందుకే నాలుగు పాయింట్లు తక్కువ కొట్టించా" అంటారు. ఇది సరిగ్గా తలకిందులు.

లెక్క చూద్దాం. పొద్దున్నే 25 డిగ్రీల దగ్గర 30 పీఎస్‌ఐ కొట్టించారనుకోండి. మధ్యాహ్నం హైవేలో పరిగెత్తాక టైరు లోపలి గాలి 65 డిగ్రీలకి చేరిందనుకుందాం. ఇంటర్‌లో చదువుకున్న గ్యాస్ సూత్రం వేస్తే ప్రెషర్ 36 దాకా వస్తుంది. ఆరు పాయింట్లు పెరిగింది. టైరు కంపెనీ ఈ పెరుగుదలని ముందే లెక్కలో పెట్టుకుంటుంది. దానివల్ల బాగున్న టైరు పేలదు.

మరి పేలేది ఎందుకు? గాలి తక్కువైతే టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్, ప్రతి చుట్టుకీ ఎక్కువగా నలుగుతుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతా ఉంటే వేడెక్కి తెగుతుంది చూడండి, అలాగ. నలిగే కొద్దీ వేడి, ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. పైన ఎండ, కింద కాలిన రోడ్డు, లోపల ఐదుగురు మనుషులు, డిక్కీలో సామాన్లు. అన్నీ కలిసి ఒక్కసారిగా టప్‌మంటుంది. కాబట్టి ఎండాకాలం గాలి తగ్గించొద్దు. డ్రైవర్ డోర్ తెరిస్తే అక్కడో, కారు మాన్యువల్‌లోనో మీ కారుకి ఎంత గాలి కావాలో రాసి ఉంటుంది. ఫుల్ లోడ్‌కి వేరే అంకె ఇచ్చి ఉంటే తిరుమలకి సకుటుంబంగా పోయేటప్పుడు అదే పాటించండి. గాలి చూసుకోవాల్సింది పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం బంకులో చూపించుకుని "36 ఉంది, తీసెయ్" అనొద్దు. సాయంత్రానికి టైరు చల్లారి 25కి దిగిపోతుంది.

నైట్రోజన్ గురించి కూడా అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కొట్టించుకుంటే నష్టం లేదు. కానీ నైట్రోజన్ కొట్టించాం కదా అని మూడు నెలలు గేజీ పెట్టి చూడకపోవడమే నష్టం. నెలకి రెండుసార్లు మామూలు గాలి చూసుకునే మనిషి టైరే ఎక్కువ భద్రం.

వాన: టైరు నీటి మీద తేలడం

టైరు మీద గాడులు అందం కోసం కాదు. చక్రం కిందికి వచ్చిన నీళ్లని పక్కలకి తోసేయడానికి. గాడి లోతు తగ్గినా, స్పీడు పెరిగినా, గాలి తక్కువైనా నీళ్లు బయటికి పోవడానికి టైము చాలదు. అప్పుడు టైరు నీటి పొర మీద తేలుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. ఆ క్షణంలో స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా ఒకటే, రోడ్డుకీ టైరుకీ సంబంధం తెగిపోయింది.

1960ల్లో నాసా ఇంజినీర్లు విమానం టైర్ల మీద ప్రయోగాలు చేసి ఒక సూత్రం ఇచ్చారు. గాలి ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి తేలే స్పీడు ఉంటుంది. కిలోమీటర్లలోకి మారిస్తే, పీఎస్‌ఐ వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణించాలి. టైరు అరిగి, నీళ్లు బాగా నిలిచిన పరిస్థితికి ఈ లెక్క. కారుకి అచ్చంగా అతకదు గానీ అంచనాకి పనికొస్తుంది. 30 పీఎస్‌ఐ ఉంటే 91 కిలోమీటర్ల స్పీడు. 21 ఉంటే 76.

మా నాయన 80లో ఉన్నాడు.

ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిది పాయింట్ల గాలి. పంక్చర్ షాపులో పది ఇరవై రూపాయల పని.

ఇక గాడుల లోతు. కొత్త కారు టైరులో సుమారు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. గాడి అడుగున అక్కడక్కడ చిన్న చిన్న దిమ్మెలు కనిపిస్తాయి చూడండి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. ట్రెడ్ అరిగి ఆ దిమ్మెతో సమానమైతే టైరు చచ్చినట్టే లెక్క. కానీ అది ఆఖరి గీత. వానకి అంతవరకు ఆగకూడదు. నా లెక్క ఇది: 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే అక్టోబర్ లోపల మార్చేయాలి. ఎండలో ఆ టైరు ఇంకా బాగానే నడుస్తా ఉన్నట్టు కనిపిస్తుంది, నవంబర్‌లో నిజం బయటపడుతుంది. లోతు కొలిచే గేజీ ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. ఒకటి కొని డాష్‌బోర్డులో వేసుకోండి.

ఇంకో మాట. చాన్నాళ్ల ఎండ తర్వాత పడే తొలి వాన ఇంకా ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము తడిసి జిగురుగా అవుతాయి. మొదటి అరగంట ఎంత మంచి టైరైనా నెమ్మదిగానే పోవాలి.

అలాగే ఏ టైరూ కాపాడలేని నీళ్లు కూడా ఉన్నాయి. 2021 అక్టోబర్‌లో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లలో వాహనం ఇరుక్కుని, కొత్తగా పెళ్లయిన అమ్మాయి చనిపోయింది. లోతు తెలియని నీళ్లలోకి దిగొద్దు. తిప్పుకుని పోతే ఇరవై నిమిషాలు లేటు, అంతేగా.

వయసు: బటన్ ఉన్నా టైరు ముసలిది కావచ్చు

నేను మోసపోయింది ఇక్కడే. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెలు ఉంటాయి. మా టైర్ల మీద 3813 అని ఉంది. అంటే 2013లో 38వ వారం తయారీ. తక్కువ తిరిగే కార్లకి కిలోమీటర్లు కాదు, ఈ అంకె చూడాలి. రబ్బరు కాలంతో గట్టిపడుతుంది, ఎండకి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు తడి రోడ్డుని పట్టుకోలేదు. మా టైర్ల పక్కన ఎండిన చెరువులో నెర్రెలు ఇచ్చినట్టు సన్నగా పగుళ్లు ఉన్నాయి. మే నెలలో నేను చూసినప్పుడు కూడా ఉండే ఉంటాయి. నేను బటన్ ఒక్కటే చూశాను.

చాలా టైరు కంపెనీలు చెప్పేది ఏమంటే, 5 ఏళ్లు దాటాక ఏటా చూపించుకోండి, 10 ఏళ్లయితే ఎలా కనిపించినా తీసేయండి అని. మన ఎండకి, బయట పార్కింగ్‌కి నేను 6 ఏళ్ల దగ్గరే గీత గీసుకున్నాను. స్టెప్నీకి కూడా ఇదే లెక్క. డిక్కీలో పడుకుని ఉంది కాబట్టి కొత్తది అనుకోవద్దు.

కొనేటప్పుడు కూడా ఈ అంకె చూడండి. తర్వాత నేను టైర్లు కొనడానికి పోయినప్పుడు ఒక షాపులో మంచి డిస్కౌంట్ అన్నారు. తిప్పి చూస్తే రెండున్నరేళ్ల కిందటి స్టాకు. "అన్నా, వేరే లేవా?" అంటే, "ఎవురూ ఇంత చూడరు సామీ" అన్నాడు. మనం చూడాలి. ఆరు నెలల లోపలి స్టాకు అడగండి, ఇవ్వకపోతే ఇంకో షాపుకి పోండి. పంక్చర్ షాపుల్లో దొరికే సెకండ్ హ్యాండ్ టైర్లు మాత్రం కారుకి వద్దే వద్దు.

ఇప్పుడు కొనడం

సైడ్‌వాల్ మీద సైజు చదవడం నేర్చుకుందాం. మా ఆల్టోది 145/80 ఆర్ 12, పక్కన 74 టి. 145 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 116 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 12 అంటే రిమ్ము అంగుళాల్లో. 74 లోడ్ ఇండెక్స్, ఒక్కో టైరు 375 కిలోలు మోస్తుంది. టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వరకు రేటింగ్. కొత్త టైరులో ఈ లోడు, స్పీడు అక్షరాలు పాత వాటికన్నా తగ్గకూడదు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి.

వెడల్పు టైర్లు వేయిస్తే పట్టు ఎక్కువ కదా అని యూత్ అడుగుతారు. పొడి రోడ్డు మీద కొంత నిజం. నీళ్లలో వెడల్పు టైరు ఎక్కువ నీళ్లని తోయాలి, కాబట్టి తొందరగా తేలుతుంది. పైగా పల్చటి సైడ్‌వాల్ అయితే మన గుంతలకి రిమ్ము వంగుతుంది. చిన్న కారుకి కంపెనీ ఇచ్చిన సైజే మేలు.

ఇక రబ్బరు రకం. ప్రతి టైరూ మూడింటి మధ్య రాజీ: తడి రోడ్డు పట్టు, ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, పెట్రోల్ ఆదా. 2022 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తడి పట్టు, రోలింగ్ రెసిస్టెన్స్, శబ్దం ఈ మూడింటికి ప్రమాణాలు తెచ్చింది. అంటే కనీస హద్దు ఉంది. ఆ హద్దు పైన ఏది ఎంచుకోవాలన్నది మీ ఇష్టం. షాపులో "ఏది ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది?" అని మాత్రమే అడిగితే గట్టి రబ్బరు టైరే చేతిలో పెడతారు. "తడిలో ఏది బాగా పట్టుకుంటుంది?" అని అడగండి. నాలుగు నిలువు గాడులు వెడల్పుగా, పక్కలకి దారి ఉన్న గాడులు ఉన్న డిజైన్ చూడండి. ఏడాదికి ఎనిమిది, పది వేల కిలోమీటర్లు తిరిగే ఇంటి కారుకి 60 వేల కిలోమీటర్ల టైరు వేయిస్తే అది అరగకముందే ముసలిదైపోతుంది. ఆ మైలేజీకి డబ్బులు పెట్టడం దండగ. రోజూ చిత్తూరు, తిరుపతి మధ్య ట్యాక్సీ నడిపే అన్నలకి లెక్క వేరు. వాళ్లకి కిలోమీటర్లు ముఖ్యమే, కానీ వాళ్లు అరుగుదలని నెలనెలా చూసుకోవాలి.

రెండే టైర్లు కొనే డబ్బు ఉంటే? నాయన, మెకానిక్ అన్న ఇద్దరూ ఒకటే మాట: "ఇంజన్ ముందర ఉంది, కొత్తవి ముందరే వెయ్యాల." చాలామంది అలాగే వేస్తారు. కానీ కొత్తవి వెనక వేయాలి. ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ దారికి వచ్చే అవకాశం ఉంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. మా కారు తిరిగింది అలాగే.

ఘాట్ రోడ్డు

తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి. దిగేటప్పుడు 40 నిమిషాల కన్నా ముందు కిందికి వస్తే ఒప్పుకోరు. చాలామంది దాన్ని ఫైన్ గొడవలాగా చూస్తారు, చివర్లో పక్కన ఆపుకుని టైము గడుపుతారు. టైరు వైపు నుంచి ఆలోచించండి. మలుపు మలుపుకీ బరువంతా బయటి వైపు ముందు టైరు మీద పడుతుంది, బ్రేకు వేడి రిమ్ము ద్వారా టైరుకి చేరుతుంది. రెండో గేరులో, ఇంజను పట్టు మీద దిగితే ఆ 40 నిమిషాలు సహజంగానే సరిపోతాయి. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్‌లలో టైము రూలు లేదు. అక్కడ కూడా ఆ రూలు ఉన్నట్టే దిగండి.

సరే, మొత్తం ఒకసారి చెప్పేస్తాను. నెలకి రెండుసార్లు పొద్దున్నే గాలి. ఏటా సెప్టెంబర్ నెలలో లోతు, పగుళ్లు, నాలుగు అంకెల తేదీ. 3 మిల్లీమీటర్లు లేదా 6 ఏళ్లు, ఏది ముందు వస్తే అప్పుడు మార్పు. కంపెనీ సైజు, తడి పట్టు, కొత్త స్టాకు. కొత్తవి రెండే అయితే వెనక. ఇవన్నీ అయ్యాక, మీ బడ్జెట్‌లో ఏ పేరున్న బ్రాండైనా పర్వాలేదు.

మా కారు బాగు చేయించి, నాలుగు కొత్త టైర్లు వేయించాం. ఇప్పుడు నాయన గేజీ జేబులో పెట్టుకుని తిరుగుతాడు, పక్కింటి వాళ్ల బండ్లకి కూడా చూస్తా ఉంటాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ కూడా అనలేదు. కానీ సంగటి కెలకడానికి ఆమెకి ఇంకా కుడి చెయ్యి సరిగ్గా రాదు. నేను ఇంటికి పోయినప్పుడు తెడ్డు నా చేతికి ఇస్తుంది.

ఈరోజు ఇంటికి పోయాక మీ టైరు మీద ఆ నాలుగు అంకెలు చదవండి. మీ నాయన కారువి కూడా చదవండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు, అడిగితే నాలాగా జవాబు చెప్పొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో బ్రేకుల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను, జాగ్రత్త.